బాణాన్ని నమ్మితే

గేటు గదిలో గార్డు నిద్రపోతున్నట్టే కూర్చుని ఉన్నాడు. ముందున్న టీ ఇంకా వెచ్చగానే ఉంది. ఏసీ మెకానిక్ వేషంలో వచ్చిన ఏజెంటు అతని మెడ మీద వేళ్లు పెట్టి చూసి, మెల్లగా తీసేశాడు. చెవి వెనక సూది గుచ్చిన గుర్తు కనిపించింది.

ఆ ఏజెంటును డిపార్టుమెంటులో అందరూ తాబేలు అంటారు. పని మెల్లగా చేస్తాడు, కానీ చేస్తాడు. ఇవాళ మాత్రం అతనికి కాలు నిలవడం లేదు. ఈ ల్యాబ్‌లో ఉన్న సైంటిస్టు అతని సొంత తమ్ముడు.

చెవిలో దాచిన రిసీవర్‌లో చీఫ్ గొంతు వినిపించింది.

"విదేశీ ముఠా వచ్చి వెళ్లింది. మీవాడి డిజైన్ ఎత్తుకుపోయారు. అది తెలిసినవాడు ఇంకొకడు బతికుండకూడదని వాళ్ల ప్లాన్. లోపల మన మనిషి ఉంది. కోడ్ వర్డ్, 'గొడుగు తడిసింది'."

"జవాబు?"

"'వాన రాలేదు'."

కింది అంతస్తులో లైట్లన్నీ వెలుగుతున్నాయి గానీ మనిషి అలికిడి లేదు. ఎక్కడో గ్యాస్ బుస్సుమంటోంది. టెస్ట్ చాంబర్ ముందు ఒకామె నిలబడి ఉంది. నల్ల సిల్కు గౌను, చెవులకు పచ్చల దుద్దులు. ఫైళ్లలో ఆమె పేరు సంపెంగ. ముఠా దగ్గరా జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది. ఎవరి ఉప్పు మీద ఆమెకు విశ్వాసమో చీఫ్‌కే అంతు చిక్కలేదు.

"గొడుగు తడిసింది," అన్నాడు తాబేలు.

"వాన రాలేదు. ముందు లోపలికి చూడు."

గాజు తలుపు అవతల తమ్ముడు గోడకు జారగిలబడి ఉన్నాడు. గడ్డం ఛాతీకి ఆనింది.

"నైట్రోజన్ వదిలారు. ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది, ప్రాణం పోతుంది," అంది సంపెంగ.

తాబేలు సుత్తి తీసి బాదాడు. గాజు మీద గీత కూడా పడలేదు. తాళం తమ్ముడు కనిపెట్టినదే, ఒకే ఒక్క అణువుతో చేసిన గేటు. కరెంటు సరైన దిక్కులో పంపితే తలుపు తెరుచుకుంటుంది. ఎదురు పంపితే అణువు మాడిపోతుంది. అప్పుడిక తలుపు కోయించాలి, అందాకా లోపలివాడు బతకడు. ఎడమన ఒక టెర్మినల్, కుడిన ఒకటి. ప్లస్, మైనస్ గుర్తులను ఎవరో కత్తితో గీకేశారు.

పక్కనున్న మానిటర్ మీద తమ్ముడి సిమ్యులేషన్ నడుస్తోంది. గేటు తెరుచుకున్నప్పటి బొమ్మ అది. రెండు ఎలక్ట్రోడ్లు, నడుమ అణువు, ఎడమ నుంచి కుడికి ఎర్ర బాణం.

"బాణం కనపడటం లేదా? ఎలక్ట్రాన్లు ఎడమ నుంచి కుడికి పోతున్నాయి. అవి బయల్దేరేది మైనస్ నుంచి. కాబట్టి మైనస్ ఎడమకు పెట్టు. తొందరగా!" అంది సంపెంగ.

తాబేలు జేబులోంచి పెన్ను తీసి విప్పాడు. లోపల బ్యాటరీ, ఎర్ర వైరు, నల్ల వైరు. మైనస్‌ది నల్ల వైరు. దాన్ని ఎడమ టెర్మినల్‌కు తాకించబోయి ఆగిపోయాడు.

మొన్న మేడ మీద వాటర్ ట్యాంకు బాగుచేస్తూ తమ్ముడు అన్న మాటలు గుర్తొచ్చాయి. "అన్నయ్యా, సిమ్యులేషన్‌లో ఒట్టి బాణాన్ని నమ్మితే నట్టేట మునిగినట్టే. ఒక సాఫ్ట్‌వేర్ కరెంటుకు బాణం గీస్తుంది, ఇంకోటి ఎలక్ట్రాన్లకు గీస్తుంది. అవి రెండూ ఎదురెదురు. అందుకని నేను బాణం చూడను, రెండు వైపులా ఎలక్ట్రాన్ల శక్తి మట్టం చూస్తాను. ఎలక్ట్రాన్లు ఎత్తు మట్టం నుంచి పల్లానికే పోతాయి. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అంటారే, అలాగన్నమాట."

తాబేలు అప్పుడు ఆవులించాడు. ఇప్పుడు తెరకేసి వంగి చూశాడు. బాణం కింద ఎవరూ పట్టించుకోని రెండు సన్నని మట్టం గీతలు ఉన్నాయి. కుడి వైపు గీత పైన ఉంది, ఎడమ వైపుది కింద. అంటే ఎలక్ట్రాన్లు కుడి నుంచి వస్తున్నాయి. ఈ బాణం కరెంటుది.

అతను చటుక్కున సంపెంగ చేతికి బేడీ వేసి, రెండో కొసను పైపుకు తగిలించాడు.

"ఇంకోసారి చెప్పు. మైనస్ ఎటు?"

"ఎడమకే! పిచ్చా నీకు? చచ్చిపోతాడు!"

ఆమె కళ్లలో నీళ్లున్నాయి. అవి భయమో నటనో తేల్చుకునే తీరిక లేదు. తాబేలు నల్ల వైరును కుడికి, ఎర్ర వైరును ఎడమకు నొక్కి పట్టాడు.

ఏమీ కాలేదు. తమ్ముడి చెయ్యి ఒళ్లోంచి జారి నేల మీద పడింది. తాబేలు వైర్లను ఇంకా గట్టిగా నొక్కాడు.

క్లిక్.

తలుపు విడిపోయింది. తాబేలు ఊపిరి బిగబట్టి లోపలికి దూకి, తమ్ముణ్ణి బయటికి ఈడ్చుకొచ్చి, గట్టిగా వాటేసుకుని ఏడ్చేశాడు. కాసేపటికి తమ్ముడు దగ్గి కళ్లు తెరిచాడు.

"మట్టం చూశావా?"

"చూశాన్రా."

"ఆవులించావుగా!"

"నోరే తెరిచాన్రా, చెవులు మూసుకోలేదు."

పోయిన డిజైన్ చిప్ సంపెంగ పచ్చల దుద్దులో దొరికింది. "మీకివ్వడానికే దాచాను," అందామె నింపాదిగా.

చెవిలో చీఫ్ అడిగాడు, "ఆవిడ తప్పు దారి చూపించింది పొరపాటునా, కావాలనా?"

"నాకు పల్లం వరకే తెలుసు సార్. సామెతలో మిగతా సగం మీరే విచారించుకోండి."