మూరెడు లోతున రూపాయి

1987 మార్చి. ఉదయం తొమ్మిదీ పది. ఏక్‌బాల్‌పూర్ బస్ స్టాపు పక్కన టీ దుకాణం.

బెంగాలీ స్కూలు మాస్టారి వేషంలో ఉన్న ఏజెంట్ సోమశేఖర్ నల్ల గొడుగు బల్లకి ఆనించి, పక్కనున్న డాక్ కూలీ వైపు చూడకుండానే అడిగాడు.

"దాదా, గంగలో పులస పడిందా?"

"పడింది. సంచీలో నేదు."

కోడ్ సరిపోయింది. సరుకు దొరికింది, వేరే చోట దాచాను అని దాని అర్థం. ఆ కూలీ పేరు పోలిరాజు. శ్రీకాకుళం మనిషి. విదేశీ ముఠాకి కొరియర్‌గా పనిచేస్తున్నట్టు నటిస్తూ నాలుగేళ్ళుగా సోమశేఖర్‌కి కబుర్లు అందిస్తున్నాడు.

మోటార్ సైకిలొకటి నెమ్మదిగా వచ్చింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చిన్నగా దగ్గినట్టయింది. పోలిరాజు ముందుకి ఒరిగాడు. సోమశేఖర్ పట్టుకునేసరికి చొక్కా తడిసిపోయింది.

"బడ్జ్ బడ్జ్... మా గుంట కాడ దాసినాను బాబూ" అన్నాడు పోలిరాజు. అంతే. ప్రాణం పోయింది.

గంటన్నర తర్వాత ఎస్ప్లనేడ్‌లో, టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ బోర్డున్న ఆఫీసులో చీఫ్ రఘురాం బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"బడ్జ్ బడ్జ్ రేవులో, ఆయిల్ ఓడలాగే జెట్టీ కింద బాంబు పెట్టేశారు. సాయంత్రం నాలుగున్నరకి పేలుతుంది. నేవీ డైవర్లు పొద్దుట్నించీ వెతుకుతున్నారు. పైపులు వందల్లో ఉన్నాయి, దొరకలేదు. ఎక్కడ పెట్టారో చూపించే మైక్రోఫిల్మ్ ఒక బోలు రూపాయి నాణెంలో ఉంది. పోలిరాజు దాన్ని ముఠాకి ఇవ్వకుండా దాచేశాడు. ఏదో గుంట దగ్గర, గొయ్యి దగ్గర అన్నమాట. నీతో అరుంధతి వస్తుంది."

అరుంధతి టెక్నికల్ ఆఫీసర్. నీలం సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు. ఆమె అడుగుపెడితే టైపు మిషన్లు ఒక్క క్షణం ఆగేవి. ఆమె చేతిలో మడత పెట్టిన మెటల్ డిటెక్టర్ ఉంది. వచ్చే నెల వాళ్ళిద్దరికీ రిజిస్టర్ పెళ్ళి.

"నాణెం ఎంత లోతున ఉన్నా ఫరవాలేదు. ఇది మూడడుగుల దాకా పసిగడుతుంది" అందామె.

ఏ గొయ్యో తెలియాలంటే పోలిరాజు భార్యని అడగాలి. వాళ్ళుండే చోటు వెతికి పట్టుకునేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆ భార్య, దాలమ్మ, తన గది గుమ్మంలో కూర్చుని ఉంది. శవం ఇంకా మార్చురీలోనే ఉంది. సోమశేఖర్ పెట్టుడు మీసం ఊడదీసి జేబులో పెట్టుకుని, ఆమె ఎదుట నేల మీదే కూర్చున్నాడు.

"అమ్మా, పోతూ పోతూ ఒక మాటన్నాడు. గుంట కాడ దాచానని."

ఆమె తల అడ్డంగా ఊపింది.

"గుంటంటే గొయ్యి కాదు బాబూ. మా ఆడపిల్ల. నాలుగు నెల్లదై పోయింది. అప్పుడు బడ్జ్ బడ్జ్‌లో, జూట్ మిల్లు ఎనకాల కూలీల లైనిళ్ళల్లో ఉండీవోళ్ళం. ఏటి గట్టునే కప్పెట్టినాం." కొంగుతో మొహం తుడుచుకుంది. "నిన్న మాపిటేల అక్కడికే ఎల్లొచ్చినాడు. సేతులు మట్టి. ఏటని అడిగితే, గుంటని సూసొచ్చినానన్నాడు."

సోమశేఖర్ తల దించుకున్నాడు. ఏం అడగాలో తెలుసు. ఎలా అడగాలో తెలియలేదు.

దాలమ్మే లేచింది. "పదండి. నా సేత్తోనే తవ్వుతాను. మీరెవులూ ముట్టుకోకండి."

బడ్జ్ బడ్జ్ చేరేసరికి మూడు దాటింది. మూసేసిన జూట్ మిల్లు గోడ వెనక హుగ్లీ నిండుగా పారుతోంది. గుర్తుకి పెట్టిన ఇటుక ఎప్పుడో వరదకి పోయింది. దాలమ్మ గోడ నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒకచోట ఆగింది. అరుంధతి హెడ్‌ఫోన్ పెట్టుకుని డిటెక్టర్ చట్రాన్ని నేలకి దగ్గరగా అటూ ఇటూ తిప్పింది. రెండుసార్లు కూసింది. ఒకసారి తుప్పు మేకు, ఒకసారి సోడా మూత.

"లేదు శేఖర్. ముఠావాళ్ళు ముందే పట్టుకుపోయారు. వెళ్దాం."

దాలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో నేల తడిమింది. "ఇక్కడ మట్టి మెత్తగున్నాది బాబూ. నిన్న తవ్విందే."

నాణెం లేని చోట, బిడ్డ సమాధిని తల్లి చేత ఊరికే తవ్వించడానికి సోమశేఖర్‌కి మనసొప్పలేదు. మెషీన్ సరిగ్గా ఉందో లేదో చూద్దామనుకున్నాడు. పక్కకి వెళ్ళి, తన జేబులోని రూపాయిని జానెడు లోతున పూడ్చి, డిటెక్టర్ తనే తీసుకుని పైన తిప్పాడు. సన్నగా, దోమ కూసినట్టు వినిపించింది. అదే రూపాయిని మూరెడు లోతున పెట్టాడు.

చప్పుడు లేదు.

మళ్ళీ తిప్పాడు. లేదు. తడి మట్టిలో ఒంటరి నాణేన్ని ఆ యంత్రం జానెడుకి మించి చూడలేదు.

"మూడడుగులన్నావు" అన్నాడు లేస్తూ.

అరుంధతి చేతిసంచీలోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"నా మాట నమ్మి వెనక్కి తిరుగుతావనుకున్నాను."

"పోలిరాజు పేరు వాళ్ళకి ఇచ్చింది..."

"నేనే. మా అన్నయ్య వాళ్ళ చేతిలో ఉన్నాడు శేఖర్. ఆరేళ్ళుగా."

"నాకు చెప్పాల్సింది."

"చెబితే నువ్వు డ్యూటీ చేసేవాడివి."

దాలమ్మ తలెత్తి ఇద్దర్నీ చూసింది. పిస్టల్‌నీ చూసింది. మళ్ళీ వంగి రెండు చేతులతో తవ్వడం మొదలుపెట్టింది.

"ఆపమ్మా" అంది అరుంధతి.

"కాల్సుకో తల్లీ. పొద్దున మావోడు, మునుపు నా గుంట. ఇంక నాకేటున్నాది?"

అరుంధతి చూపు దాలమ్మ మీదికి మళ్ళింది. సోమశేఖర్ చంకలోని నల్ల గొడుగు పిడి మీద బటన్ నొక్కాడు. గొడుగు కొనలోంచి ఎగిరిన ఉక్కు స్ప్రింగ్ ఆమె మణికట్టుని తాకింది. తూటా నదిలోకి పోయింది. అతను ఆమె చేతికి బేడీ వేసి, రెండో కడియం మిల్లు కిటికీ ఊచకి తగిలించాడు. ఆమె పెనుగులాడలేదు. నల్ల కళ్ళద్దాలు కింద పడిపోయాయి. ఆ కళ్ళలో నీళ్ళు చూసి అతను మొహం తిప్పుకున్నాడు.

గొయ్యి మోచెయ్యి లోతుకి వచ్చాక డిటెక్టర్‌ని అందులోకి దించాడు. గట్టిగా కూసింది. దాలమ్మ ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన రూపాయిని పైకి తీసింది.

"గుంట దాకా పోనేదు బాబూ" అంది. "రెండు జానలు పైనే ఎట్టినాడు. దానికి నిద్ర సెడకుండా."

నాలుగూ పద్దెనిమిది. సోమశేఖర్ నాణేన్ని తిప్పి రెండు ముక్కలు చేశాడు. సిగరెట్ లైటర్ అడుగునున్న లెన్స్‌తో ఫిల్మ్ చూసి వాకీటాకీ అందుకున్నాడు.

"జెట్టీ తూర్పు వైపు. ఏడో పైపు. నీటి కింద రెండో జాయింట్."

నిమిషాలు గడిచాయి. నది మీద ఆయిల్ ట్యాంకర్ కదలకుండా నిలబడి ఉంది. నాలుగూ ముప్ఫై అయింది. ఏమీ పేలలేదు. డైవర్ గొంతు వినిపించింది. "వైరు తెంపేశాం సార్. టైమర్‌లో పదకొండు సెకన్లు మిగిలాయి."

దాలమ్మ మట్టి వెనక్కి తోస్తోంది. ఆమె ఒప్పుకుంటుందో లేదో అని కాసేపు నిలబడి చూసి, సోమశేఖర్ కూడా పక్కన కూర్చుని దోసిళ్ళతో మట్టి వేశాడు. ఆమె వద్దనలేదు. కిటికీ దగ్గర అరుంధతి గోడకి తల ఆనించి ఉంది.

వాకీటాకీలో రఘురాం పలికాడు. "వెల్‌డన్. ఢిల్లీకి రిపోర్ట్ పంపాలి. మన వైపు నష్టమేమైనా ఉందా?"

"పోలిరాజు సార్."

"అది పొద్దుటి ఫైలు. ఈ సాయంత్రం ఆపరేషన్‌లో?"

సోమశేఖర్ చేతికంటిన మట్టి దులుపుకుంటూ కిటికీ వైపు ఒకసారి చూశాడు.

"నిల్ అని రాసుకోండి సార్. నాకు పోయింది రాయడానికి మీ ఫారంలో చోటుండదు."