గుండెలోతు నీళ్లు

బుధవారం పొద్దున్న మలేసియాలోని తెలుక్ ఇంటాన్ ఊరి బజారులో ఉన్న ఆఫీసు మెట్లెక్కి వచ్చిన ముసలమ్మ కుర్చీలో కూర్చోలేదు. చేతిసంచీని పొట్టకు అదుముకుని అలాగే నిలబడింది.

“రేపు పదింటికి ఇల్లు ఖాళీ సెయ్యాలంట. ఇల్లు పోతే పోనీ లా. నాను మా అమ్మ కూతుర్ని కాదంటన్నారు. ఏటి సెయ్యాల?” అంది, ఆ దేశపు అలవాటుగా మాట చివర ‘లా’ చేర్చి.

దేవన్ కుర్చీ దగ్గరకు జరిపాడు. ఇరవయ్యేళ్లు బస్సు నడిపి, టికెట్లూ తనే కోసి, నడుంనొప్పితో మానేసి, డిటెక్టివ్ శాంతాదేవి దగ్గర సహాయకుడిగా చేరినవాడతను. ప్రైవేట్ డిటెక్టివ్ అంటే తుపాకీ ఉంటుందనుకున్నాడు. తీరా చూస్తే ఆవిడ సొరుగులో ఉన్నవి భూతద్దం, బీపీ మాత్రలు. అయినా ఆవిడ బుర్రకు తిరుగులేదని ఊరంతా చాటింపు వేసేది అతనే.

ముసలమ్మ పేరు దేవుడమ్మ. రబ్బరు తోట యజమాని బర్నెట్ దొర 1936లో పోతూ పోతూ, కూలీ దాలమ్మ వల్ల తనకు కలిగిన కూతురి సంతతికి ఒక ఇల్లూ చుట్టూ నేలా విల్లు రాశాడు. ఆ కూతురు మేరీయే తన తల్లి అంటుంది దేవుడమ్మ. పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లోనే ఉంది. ఈ ఏడు నేలను తన పేరుకు మార్చమని అడిగిందో లేదో, బంటింగ్ అనే ఊరి నుంచి కిశోర్‌కుమార్ అనేవాడు ఊడిపడ్డాడు. మేరీ తన నాయనమ్మట. బాప్టిస్టు చర్చి రిజిస్టరులోని పేజీ అంటూ ఒక పాత కాగితం కూడా తెచ్చాడు.

దాని నకలును శాంతాదేవి పైకి చదివింది. “మేరీ ఆలిస్. పుట్టుక 1931 మార్చి. బాప్తిస్మం అదే ఏడు మే. తండ్రి బర్నెట్, తల్లి దాలమ్మ. తర్వాత బంటింగుకు మకాం.”

“ఆలిస్ ఎవులు? అమ్మని అందరూ మేరీ అనే పిలిసేవోరు.”

“అమ్మ బాప్తిస్మం గురించి ఎప్పుడైనా విన్నావా, పెద్దమ్మా?”

“తడిసిన సీరతో...” దేవుడమ్మ చటుక్కున ఆగిపోయింది. “నాకేటీ తెల్దు.”

దేవన్ అనుమానంగా చూశాడు. ఈవిడ ఏదో దాస్తోంది.

దొర విల్లును అమలుచేసే బాధ్యత లాయరు కోగిలన్‌ది; ఇల్లు ఖాళీ చెయ్యమన్నదీ అతనే. విల్లు అతని బీరువాలో ఉంది. శాంతాదేవీ దేవనూ దేవుడమ్మ తరఫున వచ్చారు కాబట్టి బల్లమీద పెట్టి చూపించాడు. అందులో ‘నా కూతురు మేరీ ఆలిస్’ అని స్పష్టంగా ఉంది.

“కిశోర్ దీన్ని చూశాడా?” అడిగింది శాంతాదేవి.

“ఎవరికీ చూపలేదు. మా నాన్న కాలం నుంచి ఈ బీరువా దాటలేదు. చూపితే ప్రతివాడూ కథ అల్లుకొస్తాడు లా.”

చర్చిలో రికార్డులు చూసే హేమనాథ్ వాళ్లకు బీరువాలో ఖాళీ అర చూపించాడు. బాప్తిస్మాల రిజిస్టరు నెల రోజులుగా కనపడడం లేదట. “ముందు లాయరు వచ్చినాడు. మరుసటి వారం కిశోర్ వచ్చినాడు. ఎవురొచ్చినా గదిలో ఒంటరిగా ఒదిలి టీకి పోయినాను. నాదే తప్పు.”

దొంగ ఇతనే అనుకున్నాడు దేవన్. శాంతాదేవి మాత్రం వేదిక కింద చెక్క తలుపు ఎత్తి చూస్తోంది. లోపల సిమెంటు తొట్టి ఉంది.

“లోతెంత?”

“నిలబడితే గుండెలోతు, అమ్మా.”

“సంఘం మీటింగుల మినిట్స్ ఉన్నాయా?”

“ఉన్నాయి. వాటిని ఎవురూ అడగలేదు.”

సాయంత్రం దాకా ఆవిడ ఆ పుస్తకాలు తిరగేసింది. ఒక పేజీ దగ్గర వేలు ఆగింది. దేవన్ ఎంత అడిగినా “రేపు” అంది.

గురువారం పదింటికి దేవుడమ్మ వరండాలో అందరూ చేరారు. కోగిలన్ తాళాల కోసం చెయ్యి చాపాడు.

“తాళాలకేం తొందర?” అంది శాంతాదేవి. “ఈ పేజీ దొంగది. మన ఎస్టేట్లలో తమిళ కేథలిక్కులు పసిపిల్లల తలమీద నీళ్లు పోయించడం చూస్తూ పెరిగాం. అన్ని చర్చీల్లోనూ అంతేననుకుంటాం. బాప్టిస్టులు పసివాళ్లకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధెరిగి, విశ్వాసం నోటితో చెప్పినవాళ్లనే నిలువునా ముంచుతారు. గుండెలోతు నీళ్లలో రెండు నెలల పసికందునా, లాయరుగారూ?”

కోగిలన్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“హేమనాథ్ ఈ తప్పు చెయ్యడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ తొట్టి చూస్తున్నాడు. ఇక ఆలిస్. సొంత కూతురికే తెలియని పేరు విల్లులో ఒక్కచోటే ఉంది. విల్లును కిశోర్ చూడలేదని మీరే చెప్పారు. మరి చూసి రాసిందెవరు?”

కిశోర్‌కుమార్ తల దించుకున్నాడు. “సారే రాసిచ్చినారు. నేల వచ్చినాక సారుకి మార్చాలన్నారు. రిజిస్టరు ఆయన కారు డిక్కీలో ఉంది.”

కోగిలన్ గేటు వైపు నడిచాడు. దేవన్ అప్పటికే అక్కడ అడ్డంగా నిలబడి, టికెట్ లేనివాణ్ణి ఆపినట్టు చెయ్యి చాపాడు. “కారు తాళం, సార్.”

హేమనాథ్ పోలీసులకు ఫోన్ చేశాడు. అప్పుడు దేవుడమ్మ నోరు విప్పింది.

“అమ్మ పెద్దయినాకే మునిగినాది. నాకు తెల్సు. సిన్నప్పటి కాయితం కావాలని లాయరు అన్నాడు. నిజం సెప్తే ఇల్లు నాది కాదంటారని నోరు మూసుకున్నాను.”

“ఆ నిజమే నిన్ను నిలబెట్టేది, పెద్దమ్మా.” శాంతాదేవి మినిట్స్ పుస్తకం తెరిచింది. “1952. ‘మేరీ, ఇరవై ఒక్క ఏళ్లు, కీ.శే. బర్నెట్ దొరకు దాలమ్మయందు కలిగిన కుమార్తె, విశ్వాసము ఒప్పుకొని బాప్తిస్మము పొందినది. ఆమె మూడేండ్ల బిడ్డ దేవుడమ్మ, తల్లి నీళ్లలో మునుగుట చూచి మిక్కిలి ఏడ్చినందున, ఆరాధన కొంతసేపు ఆగినది.’”

దేవుడమ్మ సంచీ జారి కింద పడింది. డెబ్బై మూడేళ్ల కిందటి ఆ ఏడుపు మళ్లీ ఆమె కళ్లలోకి వచ్చింది.

“అమ్మ సచ్చిపోయిందనుకున్నాను,” అంది. “నా పేరుందా అందులో?”

“ఉంది.”

“ఇంకోపాలి సదువమ్మా.”

శాంతాదేవి మళ్లీ మొదటినుంచి చదివింది.