ఏడో కుట్టు

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటల వేళ!

మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే దాక్కునే ఘడియ అది. అర్ధరాత్రికి ఉన్నంత పేరు దానికి లేకపోయినా క్షుద్రోపాసకుల దృష్టిలో రెండూ ఒకటే. గుడ్లగూబలు రాత్రి పని ముగించుకుని ఎక్కడో నిద్రపోతున్నాయి. వాటి బదులు ఆ నాలుగంతస్తుల భవనం పిట్టగోడ మీద కాకులు బారులు తీరాయి... ఒక్కటీ అరవడం లేదు! నైరుతి దిక్కున కాటుక ముద్దలాంటి మేఘం లేచింది. దూరంగా... ఎక్కడో... ఒక ఉరుము!

ఆ భవనం మెట్లు ఎక్కుతున్నాడు గొంతుల సిద్ధుడు.

జడలు కట్టిన జుట్టు, నిప్పులు కక్కే కళ్ళు ఊహించుకోకండి. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతిలో అన్నం క్యారియర్ సంచి పట్టుకుని వచ్చాడు. ఎదురైనవాళ్ళు పక్కకు తప్పుకుని దారి కూడా ఇచ్చారు. ఆ సంచిలో ఉన్నది కపాలం! వాడి తండ్రి చేతి నుంచి వాడికి వచ్చిన కపాలం... దాని మీద ఏళ్ళ తరబడి పూసిన ఆముదం కమిలి జిగురై, ఆ జిగురుకు రకరకాల ఆడవాళ్ళ వెంట్రుకలు అంటుకుని, కళ్ళ గుంతల్లో ఈగలు గుడ్లు పెట్టి... ఛీ! దాని నోటికి అడ్డంగా ఒక గుడ్డ కుట్టి ఉంది. ఆ గుడ్డ వెనక నుంచి ఎవరో దిండులో మొహం దాచుకుని ఏడుస్తున్నట్టు సన్నని మూలుగు వినిపిస్తూ ఉంటుంది.

గొంతులు కట్టడం వాడి వృత్తి. భార్యల గొంతులు! ఆ వృత్తికి పని దొరకదని మీరనుకుంటే మీ అమాయకత్వానికో దండం. డాక్టరు వచ్చాడు, లారీ డ్రైవరు వచ్చాడు, నీతి మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి వచ్చాడు. నలభై ముగ్గురు ఆడవాళ్ళ గొంతులు ఆ కపాలంలో మగ్గుతున్నాయి. కొత్త గొంతు వచ్చినప్పుడల్లా లోపలి గొంతుల్ని మంత్రంతో బిగబట్టి, పాత గుడ్డ విప్పి, కొత్తావిడ రవిక గుడ్డతో దాని నోటిని మళ్ళీ కుడతాడు. ఒక గొంతుకు ఏడు కుట్లు.

నలభై నాలుగో గొంతు మూడో అంతస్తులో ఉంది.

ఆ ఇంటాయన లెక్కల మాస్టారు. వీధిలో తల ఎత్తని మనిషి, చీమకైనా అపకారం చెయ్యడని పేరు. భార్య ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని రవికలు కుడుతుంది. వచ్చే నెలలో మాస్టారు ప్రధానోపాధ్యాయుడు కాబోతున్నాడు. అంతటివాడి ఇంట్లోంచి ఆడమనిషి కేకలు వినపడితే ఏం బాగుంటుంది? కొట్టడం మానేస్తే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు. ఆయనకు తోచలేదు. సిద్ధుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు.

సిద్ధుడు ఆనాడే నియమం చెప్పాడు.

"అరుపు పదిమంది చెవిన పడాలి మాస్టారూ. ఒక్కరు కూడా వచ్చి ఏమైందని అడక్కూడదు. అలా ఏడుసార్లు జరిగిందంటే ఆ గొంతు దిక్కులేనిదైపోతుంది. దిక్కులేని సొత్తు ఎవడికి దొరికితే వాడిదే."

"ఎవరైనా వచ్చి అడిగితేనో, గురువుగారూ?"

సిద్ధుడు పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "ఈ పనిలో నా మంత్రం పావలా వంతు, ఇరుగుపొరుగు ముప్పావలా వంతు. ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారీ నష్టం రాలేదు!"

వాడి మాట నిజమే. ఆ భవనంలో అందరికీ ఒక అలవాటు ఉంది. మూడో అంతస్తులో గజం బద్ద లేవగానే మాస్టారి తల్లి హాల్లో టీవీ సౌండ్ పెంచుతుంది. అది సంజ్ఞ! ఎదురింటి నర్సమ్మ పెంచుతుంది. పైవాళ్ళు పెంచుతారు, కిందివాళ్ళు పెంచుతారు. నిమిషంలో భవనమంతా వార్తలూ పాటలూ కలిసి సంతలా మారుతుంది. మర్నాడు మెట్ల మీద ఆ ఇల్లాలి కమిలిన చెంప చూసి, "కాస్త జాగ్రత్తగా నడవాలమ్మా, గడపలకు కొట్టుకుంటే ఎలా?" అని సలహా ఇచ్చి మరీ వెళ్తారు. వీళ్ళ జాగ్రత్త తగలబడ!

ఆరు వారాల్లో ఆరుసార్లు... ఆరు కుట్లు! మొదటి కుట్టుకు ఆమె కేక సన్నగిల్లింది. మూడో కుట్టుకు మాట పీలగా మారింది. ఆరోదానికి కేవలం గుసగుస మిగిలింది. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు, "గొంతు పోయిందా, మిరియాల కషాయం తాగు," అని వెళ్ళిపోయారు. ఏడో కుట్టు పడితే ఆ గుసగుస కూడా ఆమెది కాదు. కొన్నాళ్ళకు నవ్వూ తిట్టూ తిరిగి వచ్చినా, ఏడుపూ, ఆ దెబ్బల గుర్తూ మాత్రం బతికినంతకాలం రావు... ఎవరికీ ఏమీ చెప్పుకోలేకుండా పోతుంది!

ఆ ఏడో కుట్టు ఇవాళే.

తలుపు తీసింది మాస్టారి తల్లి. ఆవిడ నవ్వగలదు, తిట్టగలదు, వీధి చివరిదాకా వినపడేలా బేరమాడగలదు. ఏడవడం మాత్రం ఆవిడకు రాదు. భర్త పోయిన రోజున కూడా కంట తడి పెట్టలేదని చుట్టాలు ఎంత గుండె ధైర్యమో అని మెచ్చుకున్నారు. మగాడన్నాక చేయి చేసుకోడా అనేది ఆవిడ సిద్ధాంతం. సిద్ధుడికి మంచినీళ్ళిచ్చి, రిమోట్ ఒళ్ళో పెట్టుకుని హాల్లో కూర్చుంది.

వెనక గదిలో కుట్టుమిషను పక్కకు జరిపి ముగ్గు గీశారు. సిద్ధుడు కపాలాన్ని నడుమ పెట్టి, ఆ జిడ్డు చేతుల్ని మిషను మీద ఉన్న రవికకు తుడుచుకున్నాడు. ఎవరో పెళ్ళికూతురి రవిక అది, సాయంత్రానికి ఇవ్వాల్సింది. ముగ్గు పక్కన కూర్చోబెట్టిన మాస్టారి భార్య దాన్నే చూస్తూ ఉంది.

"ఓం... కంఠం స్తంభయ! స్వరం స్తంభయ! హ్రాం... హ్రీం..."

మేఘం భవనం మీదికి వచ్చింది. కిటికీలో వెలుగు చచ్చిపోయింది! కపాలం గుంతల్లోంచి బూడిదరంగు పొగ లేచి, సుడులు తిరిగి, ఆమె ముక్కుపుటాల్లోకి పాకింది... ఆమె గొంతును బయటికి ఈడ్చి తేవడానికి పాత గొంతులన్నింటినీ ఆమెలోకి పంపుతున్నాడా నీచుడు! ఆమె కళ్ళు తెల్లబడ్డాయి. వెన్ను విల్లులా వంగింది. జుట్టు దానంతటదే విడిపోయి నేలకు జీరాడింది. నలభై ముగ్గురు స్త్రీలు ఆమె పెదవుల వెనక కిక్కిరిసి నిలబడ్డారు!

"ఇప్పుడు కొట్టు!" అరిచాడు సిద్ధుడు.

మాస్టారు గజం బద్ద ఎత్తాడు. అది ఆమె గుడ్డ కొలుచుకునే బద్ద. కళ్ళజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని మరీ కొట్టాడు. హాల్లో టీవీ గొంతు పెరిగింది. ఎదురింట్లో పెరిగింది. పైన, కింద, ఆ పక్కన... అన్నీ పెరిగాయి!

ఆమె నోటి నుంచి గుసగుసగా ఒక కేక వచ్చింది. పొగ దాన్ని పట్టుకుని కపాలంలోకి లాక్కుపోయింది. ఎవరూ తలుపు తట్టలేదు.

సిద్ధుడు సూది తీసి ఏడో కుట్టు వేశాడు. ఇక కొస ముడి వెయ్యడమే తరువాయి! గొంతులు జారకుండా కపాలాన్ని ఆమె ఒళ్ళో పెట్టి, వేళ్ళు తడి చేసుకోవడానికి నాలుక చాపాడు.

అప్పుడు చూసింది ఆమె ఆ దారాన్ని.

తెల్లటి నూలు దారం. మెత్తగా, నూగు నూగుగా ఉంది. ఆమె రోజూ వాడే దారమే కావాలని, గట్టిది తెమ్మని సిద్ధుడు మొదటి రోజునే చెప్పాడు. మాస్టారు మిషను సొరుగులో చేతికి దొరికిన ఉండ తెచ్చి ఇచ్చాడు. పదకొండేళ్ళుగా ఆమె కుట్టిన సంపాదనతో కూరలు తెచ్చుకున్నాడే గానీ, ఆమె ఏ దారంతో ఏం కుడుతుందో ఒక్కనాడూ చూసిన పాపాన పోలేదు. అది కచ్చా కుట్టు దారం! రవిక ఒంటికి సరిపోయిందో లేదో చూడటానికి వేసే తాత్కాలికపు కుట్టుకు వాడేది. అసలు కుట్టు పడ్డాక కొస పట్టుకుని ఒక్క లాగు లాగితే మొత్తం ఊడి వస్తుంది. ఊడి రావడానికే ఆ దారం ఉన్నది!

సిద్ధుడి కాపలా అంతా ఆమె నోటి మీదే. చేతుల సంగతి వాడికి పట్టలేదు.

ఆమె కొస పట్టుకుంది. రోజుకు పదిసార్లు లాగే అలవాటుతో, నింపాదిగా లాగింది.

సర్రు...! ఏడు కుట్లూ ఊడిపోయాయి!

పిడుగు పడింది! కపాలం నోరు తెరుచుకుంది. నలభై నాలుగు గొంతులు ఒక్కసారిగా బయటికి దూకాయి.

"వద్దండీ... మీ కాళ్ళు పట్టుకుంటాను..."

"పిల్లలు చూస్తున్నారండీ!"

"కడుపుతో ఉన్నాను... కడుపు మీద వద్దు...!"

ప్రతి గొంతూ తనను పుట్టించిన దెబ్బను వెంట తెచ్చుకుంది. కంటికి కనపడని చెంపదెబ్బకు సిద్ధుడి మొహం పక్కకు తిరిగింది. కనపడని బెల్టు వాడి వీపు చీల్చింది. కనపడని మడమ వాడి పొట్టలో దిగింది! వాడు పాకాడు. గోడ ఎక్కబోయాడు. చొక్కా చిరిగి, నోట్లోంచి నల్లటి నురగ కారుతుంటే ముగ్గు మీద పురుగులా దొర్లాడు.

"కాపాడండి! ఎవరన్నా రండి! చంపేస్తున్నారు!"

హాల్లో టీవీ గొంతు ఇంకాస్త పెరిగింది. ఎదురింట్లో పెరిగింది. పైవాళ్ళు, కిందివాళ్ళు... పాపం, అలవాటు ప్రకారం పెంచారు! వాడు ఏడుసార్లు అరిచాడు. ఏడుసార్లూ పదిమంది విన్నారు. ఒక్కరూ అడగలేదు. నియమం వాడు పెట్టిందే. ఏడో కేకకు వాడి గొంతు దిక్కులేనిదైపోయింది. కపాలం దాన్ని పీల్చుకుంది. గొంతు వెంట ఊపిరి, ఊపిరి వెంట ప్రాణం...! నేల మీద చిరిగిన చొక్కా, దానిలో ఎండిన తోలు తిత్తిలాంటి శరీరం మిగిలాయి. కపాలం కూడా పెటిల్లున పగిలి పిండి అయిపోయింది. వాడి చావుకు ఒక్క ఈగ కూడా విచారించలేదు.

ఆమె గొంతు ఆమెలో చేరింది. మిగతా గొంతులు కిటికీలోంచి తమ తమ ఇళ్ళకు వెళ్ళిపోయాయి. ఒక్కటి మాత్రం వెళ్ళలేదు. అది చాలా పాతది. సిద్ధుడి తండ్రి కాలం నాటిది. అది మెల్లగా హాల్లోకి నడిచింది.

మంచం పక్కన నక్కిన మాస్టారు లేచాడు. శవాన్ని చూశాడు. భార్యను చూశాడు. చేతిలో గజం బద్ద ఇంకా ఉంది. లెక్క తప్పిందన్న కోపం తప్ప ఆ బుర్రలో మరొకటి పుట్టలేదు.

"అంతా నువ్వే చేశావు! ఇవాళ నిన్ను... అమ్మా! సౌండ్ పెంచు!"

టీవీ గొంతు పెరగలేదు.

"అమ్మా! వినపడటం లేదా? పెంచమంటున్నానా!"

టీవీ ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో ఒక ఏడుపు లేచింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఏడుపు... డెబ్భై ఏళ్ళ ముసలావిడ నోటి నుంచి! రిమోట్ నేల మీద పడి ఉంది. ఆవిడ రెండు చేతులతో కడుపు పట్టుకుని, ఎప్పటిదో ఏడుపు ఏడుస్తోంది. "మీ నాన్న నన్నూ ఇలాగే కొట్టేవాడురా... ఇదే బద్దతో కాదు గానీ... నేను మర్చిపోయాను... నాకెవరో మర్చిపోయేలా చేశారురా..."

మూడో అంతస్తులో టీవీ ఆగిందంటే అయిపోయిందని అర్థం. ఎదురింటి నర్సమ్మ తన టీవీ తగ్గించింది. పైవాళ్ళు తగ్గించారు. కిందివాళ్ళు తగ్గించారు. అందరికీ ఆ ఏడుపు స్పష్టంగా వినపడింది. టీవీ తగ్గాక కూడా ఏడుపు ఉండటం ఆ భవనంలో అదే మొదలు. ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు.

చాలాసేపటికి... తలుపు మీద చప్పుడైంది.

"ఏమైందమ్మా?" నర్సమ్మ గొంతు. "లోపల ఏమైంది?"

మాస్టారు గజం బద్దను వీపు వెనక దాచుకున్నాడు, చూచిరాతలో దొరికిపోయిన పిల్లాడిలా. గొంతు సవరించుకున్నాడు. "ఏం లేదండీ, మా అమ్మకు కాస్త..."

అతని మాట పూర్తి కాలేదు. ఆమె లేచి, ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ హాల్లోకి వచ్చింది. అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. తలుపు గడియ తీసి, నర్సమ్మ వెనక మెట్ల మీద ఒకరొకరుగా చేరుతున్న వాళ్ళనందరినీ చూసింది. ఈ ఆరు వారాల్లో ఎవరూ వినని గొంతు, నిండుగా, కింది అంతస్తు దాకా వినపడింది.

"రండి. కూర్చోండి. పదకొండేళ్ళ క్రితం నుంచి చెప్పాలి, టైము పడుతుంది."