మళ్ళీ మళ్ళీ మొలిచే ముగ్గు

నీలవేణి గుమ్మం ముందు ముగ్గు మూడోసారి మొలిచింది. ఈసారి తామరపువ్వులు, పైగా పసుపూ కుంకుమా. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తన వాకిట ముగ్గు తాను చెరుపుకుంటే కందకు లేని దురద ఈ కత్తిపీటకెందుకట!

కాకినాడ శివారులోని ఆ భవంతిలో నిజంగా ఉన్నది సిమెంటే. తలుపు రంగు, తోరణం, ముగ్గు అన్నీ వస్తుకోశం అనే బొమ్మల ఖజానా నుంచి దిగి, అందరి కళ్ళకూ ఉండే కంటిపొర మీద పరుచుకుంటాయి.

ఆమె అన్నయ్య సదాశివం ఆస్పత్రిలో పోయి రెండు రోజులైంది. అక్కణ్ణుంచే శ్మశానానికి తీసుకెళ్ళారు. ఇంట్లో ఉండేదే వాళ్ళిద్దరు. ఆ మాట నోరు తెరిచి చెప్పుకోవడం ఆమె వల్ల కావడం లేదు. ముగ్గులేని వాకిలి చూస్తే ఇరుగుపొరుగుకు అదే అర్థమవుతుంది, ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చుంటారు. ఆమెకు కావలసింది అంతే.

ఆమె పిలిస్తే వస్తుకోశం సంచాలకుడు పేర్రాజు గోడతెర మీదికి వచ్చాడు.

"ఆయ్, మీరు తీశారండి. తీస్తే ఆ చోటు ఖాళీ అవుద్ది కదండి. ఏదో దిగలేదనుకుని యంత్రం మారువస్తువు పెట్టేస్తదండి."

"నాకు ఖాళీయే కావాలయ్యా!"

"ఖాళీ అనేది కోశంలో లేదండి. వేరే ముగ్గు ఎంచుకోండి. నెమళ్ళున్నాయి, రథం ఉంది..."

"చావింటికి రథం ముగ్గు వేయమంటావా?"

పేర్రాజు నాలిక కరుచుకున్నాడు. చాలాసేపు కిందామీదా పడి, ఉత్త సిమెంటు గచ్చునే ఒక ముగ్గుగా కోశంలో చేర్చాడు. యంత్రం నమ్మింది.

వాకిలి బోసిపోయింది. నీలవేణి తలుపు బార్లా తీసి, చాప పరిచి కూర్చుంది. వరండాలో జనం ఆగడం, గుమ్మంకేసి చూసి గుసగుసలాడడం వినిపించింది. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఒక్కరూ లోపలికి రాలేదు.

సాయంత్రం ఎదురింటి హైమావతి తొంగిచూసింది. నీలవేణి గబుక్కున లేవబోయింది.

"అలా దిగులుగా కూర్చున్నారేంటండీ పిన్నిగారూ? మీ ముగ్గు దిగలేదని అందరం చూశామండి. ఈ వరుసలో ప్రతి ఇంటివాళ్ళమూ మీ తరఫున ఫిర్యాదు పెట్టేశాం. రేపటికల్లా బాగుచేసేస్తారంట."

అలా ధైర్యం చెప్పి, ఆ బోసి వాకిలి చూసి నీలవేణి చిన్నబుచ్చుకోకుండా ఉండాలని, హైమావతి వెళ్తూ వెళ్తూ తలుపు కూడా దగ్గరగా వేసి పోయింది.