మధ్యలో ఎత్తుకున్న పదం

"నా రీసెర్చ్‌ను నిలువునా ముంచినావు కదా పౌలూ!"

నంద్యాలలో నా రేడియో షాపు ముందు, వానలో గొడుగు పట్టుకొని అరుస్తోంది దెబోరా. బజారంతా నిలబడి చూస్తోంది. వాళ్ళలో కొనేవాడు ఒక్కడూ లేడు.

దెబోరా కాలేజీలో సంగీతం చెబుతుంది. పదిహేడో శతాబ్దపు పదాల మీద, అంటే నాయిక తన సామిని నిలదీసి పిలిచే పాటల మీద, పరిశోధన. ఆళ్లగడ్డలో శ్రీరంగమ్మ అనే పెద్దావిడ తన అవ్వల దగ్గర నేర్చిన పాత పదం పాడితే, నా టేప్ రికార్డర్‌తో నేనే పట్టాను.

ఆవిడ పాటను మధ్యలో ఎత్తుకుంది. "ఇంత ప్రొద్దు ఏ యింట నిలిచితివి" అని ముందు నిలదీసి, ఎప్పటికో "రా సామీ" అనే పల్లవికి వచ్చింది. వయసు మీదపడి మరిచిపోయిందేమో అనుకున్నాను. సరుకు వరుసలో లేకపోతే నాకు తోచదు. పల్లవిని ముందుకు తెచ్చి వేరే క్యాసెట్‌లోకి ఎక్కించాను. పాతది దండగెందుకని దాని మీద క్రికెట్ కామెంటరీ పట్టాను. ఇంత కష్టమూ ఈ పిల్ల ఒక్కసారి నవ్వుతుందని.

"పదాన్ని అట్లే ఎత్తుకోవాల! ముందు అనుపల్లవి, తర్వాతే పల్లవి. ఆ పద్ధతి ఆ ఇంట్లో ఇంకా ఉందని చూపించేదానికే ఈ టేపు!"

"మళ్ళీ వెనక్కి మార్చిస్తా మేడమ్."

"అప్పుడది సాక్ష్యమా, నీ అతుకా? తిరుపతి సంగీత సదస్సులో పెద్దోళ్ళ ముందు ఏం వినిపించాల?"

ఆదివారం ఇద్దరమూ ఆళ్లగడ్డకు పోయాం. శ్రీరంగమ్మ తల అడ్డంగా ఊపింది.

"మిషన్ ముందు ఒక్కసారే పాడతానంటి. పాడినా. అయిపాయె."

దెబోరా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్లయితే తట్టుకుంటాను గానీ, అవి తట్టుకోలేకపోయాను.

"తప్పు నాది అవ్వా. మేడమ్ మీద కోపం ఎందుకు?"

"అయితే తాళం నువ్వే వెయ్యి. తప్పినావంటే లేచిపోతా."

మిషన్ ఆన్ చేసి తాళానికి కూర్చున్నాను. రెండు దెబ్బల నడుమ నంద్యాలకు పోయి రావచ్చు, అంత నిదానం ఆ పదం. నా చెయ్యి తొందరపడినప్పుడల్లా దెబోరా నా మణికట్టు పట్టి ఆపింది. నిజం చెప్పాలంటే, చివర్లో కావాలనే తొందరపడ్డాను.

పాట అయ్యాక అడిగాను: "ముందు తిట్టి, తర్వాత పిలిచేదేందవ్వా?"

"ఊరికే పిలిస్తే విలువేముంది నాయనా?"

లెక్క అప్పుడు తెగింది. ఈ పిల్ల తిట్టడం చాలా రోజులుగా సాగుతోంది. పిలుపే బాకీ.

తిరుపతి ప్రయాణం నాడు మళ్ళీ వాన. తోడొస్తున్న దెబోరా పిన్ని ముందే బస్సెక్కి సీట్లు పట్టింది. మిషన్ మోసుకొని నేను చేరేసరికి బస్సు స్టార్టయింది. దెబోరా మెట్టు మీద నిలబడి ఉంది.

"ఇంతసేపు యాడ నిలిచినావు?"

"మీ ఇంట్లో. మా అమ్మ మీ నాయనతో మాట్లాడతాంటే."

"ఏందీ? నన్ను అడగకుండానా?"

"మీ పద్ధతే మేడమ్, మధ్యలో ఎత్తుకున్నా. నీకిష్టమైతే ఆయనకు సంతోషమేనంట. ఇప్పుడు మొదటికొచ్చినా. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

ఆమె తల కొట్టుకుంది. "బుద్ధి ఉండాదా? బస్సు కదిలేటప్పుడు అడిగే మాటనా ఇది? మిషన్ తడుస్తాంది చూడు!"

కండక్టర్ ఈల ఊదాడు. నేను కదల్లేదు.

దెబోరా వానలోకి చెయ్యి చాచింది.

"రా," అంది మెల్లగా.