చలిదయ్యానికి లైఫ్ సర్టిఫికెట్

"గీ దయ్యాల పుస్తకం ఇయ్యనీకి ఇయ్యాలనే దొరికిందా నీకు?"

గోదావరిఖనిలోని ఆ క్వార్టర్‌లో తీతు మొదటి వర్ధంతి ప్రార్థన అప్పుడే ముగిసింది. గడపలో నిలబడ్డ కుర్రాడి మీద తీతు చెల్లెలు శాలిని గయ్యిమంది. గనిలో పైకప్పు కూలి అన్న పోయినప్పటి నుంచి ఆమెకు కోపం తప్ప ఇంకేదీ సరిగ్గా రావడం లేదు.

"తీతన్నదే. నేను ఆయన షిఫ్టులనే పనిచేస్తున్న. నా పేరు ఆరోన్," అన్నాడతను. "సగం చదివి నాకిచ్చిండు. జల్ది చదివి ముగింపు చెప్పురా అన్నడు. చెప్పే రోజే రాలే."

శాలిని పుస్తకం లాక్కుని తలుపేసింది. థాంక్స్ చెప్పాల్సిందని తలుపేశాక గుర్తొచ్చింది.

అదో కామెడీ ఫాంటసీ నవల. డిసెంబరు చలిలో ఇంటింటికీ తిరిగే దయ్యం ఒకటి. జనం నమ్మడం మానేసరికి పాపం చిక్కి సగమైపోతుంది. తాను ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇమ్మని ఆఫీసుకు వెళ్తుంది. "నిన్ను చూసిన సాక్షులేరీ?" అంటాడు క్లర్కు. చూసినవాళ్లేమో చూసిన మరుక్షణమే పారిపోయారాయె!

శాలిని ఫక్కున నవ్వింది. వెంటనే అన్న ఫోటో చూసి తప్పు చేసినట్టు నోరు మూసుకుంది.

"ఏందది బిడ్డ? నాకూ చదువు," అన్నాడు తండ్రి శాంతిరాజ్. గని నుంచి రిటైరై పెన్షన్ మీద బతుకుతున్న మనిషి. విన్నాడు. "నా లెక్కనే! నేను గూడ ఏటా బతికున్నట్టు చూపియ్యాలె గదా," అని నవ్వి, నవ్వుతూనే ఏడ్చేశాడు.

ఆదివారం చర్చి బయట శాలిని ఆరోన్‌ను పట్టుకుంది.

"దయ్యానికి సాక్షులు దొరుకుతరా, లేదా?"

"చెప్ప."

"చంపుత."

"చెప్తే మళ్ల తలుపేస్తవ్. రోజుకు ఇన్ని పేజీలు చదువు. వచ్చే ఆదివారం మాట్లాడుదాం."

నవలను అంత మెల్లగా చదివినవాళ్లు ఆ ఊళ్లో ఇంకెవరూ ఉండరు. శాంతిరాజ్ సంగతి కనిపెట్టాడు. "పిలగాడు మంచోడే. కాని గనిల దిగేటోనికి నా బిడ్డనియ్య," అని తెగేసి చెప్పాడు. శాలిని ఎదురు చెప్పలేదు. ఆ భయం ఆమెకూ ఉంది.

క్రిస్మస్ వారంలో ఓ సాయంత్రం శాంతిరాజ్ చాయ్ కోసం వంటింట్లోకి వెళ్లి ఆగిపోయాడు. పొద్దున అన్నం వండిన గిన్నె, గంజు, కడగకుండా అలాగే ఉంది. అడుగున మెతుకులు ఎండిపోయాయి.

డ్యూటీకి పోయిన మనిషి తిరిగొచ్చేదాకా ఆ ఇంట్లో గంజు కడగరు. భార్య బతికున్నన్నాళ్లూ అతని కోసం అలాగే ఉంచింది. తీతు పోయాక సమాధి చేసి వచ్చేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

"మనింట్ల డ్యూటీకి పోయేటోళ్లు లేరు గదా బిడ్డ?"

"మూడింటికే షిఫ్టు అయిపోయింది బాపు. ఫోన్ ఎత్తుతలేడు. ఇందాక గని దిక్కు అంబులెన్సు పోయింది."

"గివన్ని నువ్వు నమ్మవు గదా?"

"నమ్మ. కాని కడగబుద్ధి ఐతలేదు."

శాంతిరాజ్ చెప్పులేసుకున్నాడు. కొడుకు శవాన్ని తెచ్చిన రోజు నుంచి గని దిక్కు చూడని మనిషి, షేర్ ఆటో ఎక్కి అటే పోయాడు. శాలిని గేటు పట్టుకుని నిలబడింది. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాటా గుర్తు రాలేదు.

చీకటి పడుతుండగా ఆటో ఆగింది. ముందు శాంతిరాజ్, వెనక ఆరోన్. అతని అంగీ నిండా రక్తం.

"నాది కాదు," అన్నాడు గబగబా. "మా షిఫ్టు నర్సింగం కాక కాలు నుజ్జైంది. దవాఖానకు తీస్కపోయిన. ఫోన్ గని కాడనే ఉండిపోయింది. బాపు దవాఖానకొచ్చి, నడు, ఇంట్ల గంజు కడగాలె అన్నడు. నాకేం సమజ్ కాలే."

"నువ్వంటే నాకిష్టం," అంది శాలిని వెక్కుతూ. "నీ డ్యూటీ అంటే చచ్చేంత భయం. రోజూ గిట్లనే ఏడుస్త, గిట్లనే తిడుత. ఓకేనా?"

ఆరోన్ తలూపాడు.

"నాకైతే ఇప్పటికీ ఓకే కాదు," అన్నాడు శాంతిరాజ్. ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. "కాని పిల్ల నీ కోసం ఎదురుచూసుడు షురూ చేసింది. ఇగ నేను వద్దంటే ఆగుతదా? రోజూ ఇంటికి రా బిడ్డ. నేనడిగేది గంతే."

"వస్త బాపు."

అది అతని చేతిలో లేని మాటని ముగ్గురికీ తెలుసు. శాలిని కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి గంజు మీద నల్లా తిప్పింది.