ముద్రకు ముందు ఊపిరి

"మన దూత అసలు మన దూతే కాదు," అన్నాడు చీఫ్.

టేబుల్ మీద ఫోటో పడింది. పన్నెండేళ్లుగా దేశం తరఫున ప్రతి ఒప్పందం మీదా సంతకం చేస్తున్న పెద్దమనిషి ఆయన. ఏజెంట్ ఫోటో చూసి మళ్లీ బోర్లించాడు.

"పదకొండింటికి ఖైదీల మార్పిడి ఒప్పందం. దాంతోపాటు ఓ సీల్డ్ కవరు. సంతకందారు తప్ప ఎవరూ విప్పకూడదు. అందులో మన రాడార్ కోడ్‌లు అప్పగించే షరతు దూర్చారని కబురు. ఆయన స్థానంలో కూర్చున్న నకిలీకి ముఖం, గొంతు, చేవ్రాలు అన్నీ సరిపోయాయి. రుజువు లేకుండా మనిషి మీద చెయ్యేస్తే కొంప మునుగుతుంది. పైగా..." చీఫ్ నసిగాడు. "విడుదలయ్యేవాళ్లలో మీ తమ్ముడున్నాడు."

"తెలుసు సార్. అమ్మ పొద్దున్నే వాడి చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది."

ఏజెంట్ గుమాస్తా వేషంలో, చెవిలో బటనంత రిసీవర్‌తో ముద్రల గదికి వెళ్లాడు. అక్కడి ముసలాయన్ని ఆఫీసంతా ముద్రల తాత అంటారు.

"సిగ్నేటరీ, అదే మీ సంతకందారు, అంటే సంతకం గీకేవాడనుకున్నావా నాయనా?" తాత ఇత్తడి ముద్ర తుడుస్తూ అన్నాడు. "అది లాటిన్ నుంచి వచ్చిన మాట. 'సిగ్నుమ్' అంటే గుర్తు, ముద్ర. మొదట్లో ముద్ర వేసేవాడికే ఆ మాట. చేవ్రాలంటే చేతి రాత. చేతి రాతని ఏ దొంగవెధవైనా నేర్చుకుంటాడు. ముద్ర అలా కాదు. దాని మీద 'హా' అని నోటి ఆవిరి పట్టాలి, లేకపోతే లక్క అంటుకుని ఊడొస్తుంది. దూతగారు పన్నెండేళ్లూ తలుపు మూసుకుని ఈ గదిలోనే వేశారు. నేను తప్ప చూసినవాడు లేడు."

"ఇవాళ హాల్లో వేస్తున్నారుగా?"

"అదే మొదటిసారి."

హాల్లో దూత పక్కన ఆయన సెక్రటరీ, మెడలో ముత్యాల దండతో, నిలబడి ఉంది. మూడేళ్లుగా ఈ డిపార్ట్‌మెంటు జీతం తింటున్న మనిషి. లక్క పళ్లెం పట్టుకొచ్చిన ఏజెంట్‌ని ఇట్టే గుర్తుపట్టి చెవిలో గుసగుసలాడింది.

"ఊరుకో. సాయంత్రానికి మీ తమ్ముడు ఇంట్లో ఉంటాడు."

ఆమె ఎవరి మనిషో అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం, మాట మాత్రం నిజం. అతను లక్క పళ్లెం బల్ల మీద పెట్టాడు.

దూత తొణక్కుండా సంతకం చేశాడు. ఎర్రటి లక్క కాగితం మీద పడింది. ముద్ర ఎత్తాడు. ఊపిరి ఊదలేదు. నేరుగా దించుతున్నాడు.

ఏజెంట్ దూత మణికట్టు పట్టుకున్నాడు. ముద్రకూ లక్కకూ మధ్య గోరంత సందు.

"సార్, ముద్ర వేసే ముందు ఏం చేస్తారు?"

దూత సెక్రటరీ వైపు చూశాడు. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

"గట్టిగా... పట్టుకుంటాను."

తలుపు దగ్గర తాత తల అడ్డంగా ఊపాడు. ఏజెంట్ దూత చెవి వెనక పట్టి లాగాడు, రబ్బరు తోలు ఊడొచ్చింది. గార్డులు ఇద్దర్నీ పట్టుకున్నారు. అవతలి దేశం బృందం ఫైళ్లు మూసుకుని లేచి వెళ్లిపోయింది.

చెవిలో రిసీవర్ పలికింది. "ఖైదీల బస్సు వంతెన మీంచి వెనక్కి తిరిగింది. ఓవర్."

అసలు దూత ఆచూకీ లేదు. ఒప్పందం రద్దు పత్రానికి సంతకందారు కావాల్సి వచ్చింది. చీఫ్ కాగితం ఏజెంట్ ముందుకు జరిపాడు.

అతను సంతకం చేశాడు. ముద్ర ఎత్తి, 'హా' అని ఆవిరి పట్టి, నొక్కాడు. అచ్చు శుభ్రంగా పడింది.

తాత కళ్లు తుడుచుకున్నాడు. "చెయ్యి వణకలేదేం నాయనా?"

"వణికితే నన్నూ నకిలీ అంటారని, తాతా."